నీలం మూత ఎందుకు వంకర పోయింది: కరిగిన పాలిమర్‌లో తొలి స్ఫటికం

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, చర్లపల్లి పారిశ్రామికవాడలోని ఒక చిన్న మౌల్డింగ్ యూనిట్‌లో బియ్యం డబ్బాల మూతలు తీసే మిషన్ దగ్గర నాకీ ప్రశ్న ఎదురైంది. ముప్పై సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి మూత, ముడిసరుకు పాలీప్రొపిలీన్ అనే పాలిమర్, అంటే ప్లాస్టిక్, దాని గుళికలనే దాణా అంటాము. తెల్ల మాస్టర్‌బ్యాచ్ (దాణాలో కలిపే గాఢమైన రంగు గుళికలు) కలిపి తీసిన మూతలు డబ్బా అంచు మీద టక్కున కూర్చునేవి. మధ్యాహ్నం షిఫ్టులో నీలం రంగుకు మార్చగానే మూత ఒక పక్క లేచి, ఇంకో పక్క దిగి, ఎండలో పెట్టిన అప్పడంలా వంకర తిరిగేది. మిషన్ దగ్గరి ఆపరేటర్ నా కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. రెండు మూతలూ నా ముందు పెట్టి, "అచ్చు గదే, దాణా గదే, మిషను గదే. నీలం మూతే ఎందుకు కూసుంటలేదు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మూడు రోజులు నేను వెతకకూడని చోటల్లా వెతికాను. అచ్చులోని నీళ్ల దారులలో పాచి పట్టిందేమోనని కడిగించాను, ఒత్తిడి పెంచాను, తగ్గించాను, మాస్టర్‌బ్యాచ్‌కు చెమ్మ తగిలిందేమోనని ఓవెన్‌లో ఆరబెట్టించాను. నాలుగో రోజు రెండు మూతల నుంచి అయిదేసి మిల్లీగ్రాముల ముక్కలు కోసి, తెలిసిన ప్రయోగశాలలో డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరీమీటర్) యంత్రంలో పెట్టించాను. ముక్కను పూర్తిగా కరిగించి, నిమిషానికి పది డిగ్రీల చొప్పున చల్లారుస్తూ, అది ఏ ఉష్ణోగ్రత దగ్గర వేడిని బయటకు విడుస్తుందో ఆ యంత్రం గీత గీసి చూపిస్తుంది. వేడి బయటికి వచ్చే చోటే స్ఫటికాలు కట్టే చోటు. తెల్ల ముక్క శిఖరం మామూలు పాలీప్రొపిలీన్‌కు ఉండవలసిన చోట, అంటే 110 డిగ్రీల చుట్టుపక్కల ఉంది. నీలం ముక్క శిఖరం అంతకంటే పది డిగ్రీలకు పైగా ముందే, ఇంకా వేడిగా ఉండగానే వచ్చేసింది. నీలం రంగు పొడి కేవలం రంగు పని చేసి ఊరుకోలేదు, స్ఫటికాలకు విత్తనం పని కూడా చేసింది.

అప్పటి వరకు అంకురణ, అంటే ద్రవంలో స్ఫటికపు తొలి మొలక పుట్టడం, అనే మాట నాకు పరీక్షలో రాసిన ఒక సమీకరణం మాత్రమే. పుస్తకాలన్నీ ఆ అధ్యాయాన్ని ఒకే రకంగా మొదలుపెడతాయి: ఏ మలినమూ లేని శుద్ధమైన ద్రవం ఉంది, దానిని చల్లారుస్తున్నాము, అందులో ఎక్కడో అణువులు వాటంతట అవే వరుసలో కుదిరి తొలి అంకురం పుడుతుంది. నా అభిప్రాయంలో ఈ బొమ్మ విద్యార్థిని చాలాకాలం తప్పుదారి పట్టిస్తుంది. సమీకరణంలో తప్పేమీ లేదు. ఆ సమీకరణం చెప్పే సంఘటన ఫ్యాక్టరీలో గానీ మామూలు ప్రయోగశాలలో గానీ దాదాపుగా జరగకపోవడమే ఇబ్బంది. జరిగేది వేరు. కరిగిన పాలిమర్‌లో స్ఫటికం ఎప్పుడూ దేనినో ఒకదానిని పట్టుకునే మొదలవుతుంది.

ఎందుకో అర్థం కావాలంటే ముందు లెక్క చూడాలి. ద్రవీభవన స్థానం కంటే కిందికి చల్లార్చిన ద్రవంలో ఒక చిన్న ముద్ద స్ఫటికంగా మారితే, దాని ఘనపరిమాణానికి తగ్గట్టుగా శక్తి కలిసి వస్తుంది. కానీ ఆ ముద్దకూ చుట్టూ ఉన్న ద్రవానికీ మధ్య కొత్తగా ఒక తలం ఏర్పడుతుంది, ఆ తలానికి శక్తి ఖర్చవుతుంది. ముద్ద మరీ చిన్నదైతే రాబడి కంటే ఖర్చే ఎక్కువ కనుక అది కరిగిపోతుంది. ఒక హద్దు దాటి పెరిగితే ఇక దానికి ఎదురులేదు. ఆ హద్దును దాటడానికి కావలసిన శక్తిని అవరోధం అనుకుందాము. ఎంత ఎక్కువ చల్లారిస్తే అవరోధం అంత తగ్గుతుంది, అదీ చల్లార్చిన డిగ్రీల వర్గానికి విలోమంగా తగ్గుతుంది.

పాలిమర్ అణువులు పొడవాటి గొలుసులు కనుక వాటి విషయంలో దీనికి ఒక మెలిక తోడవుతుంది. పాలీఎథిలీన్‌నే తీసుకుంటే, 2,80,000 అణుభారమున్న ఒక్క గొలుసులో ఇరవై వేల కార్బన్ పరమాణువులు ఉంటాయి. దానిని సాఫీగా లాగి నిలబెడితే పొడవు రెండున్నర మైక్రాన్లు వస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). కరిగిన స్థితిలో అది పాతిక నానోమీటర్ల వ్యాసార్థంలో చిక్కుపడిన దారపు ఉండలా, పక్క గొలుసులతో పెనవేసుకుని ఉంటుంది. అటువంటి దారం స్ఫటికంలో ఎలా ఇముడుతుందన్న ప్రశ్నకు 1957లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ కెల్లర్ స్పష్టమైన సమాధానం చూపాడు. పలుచని ద్రావణం నుంచి పెంచిన పాలీఎథిలీన్ స్ఫటికాలు పది నానోమీటర్ల స్థాయి మందమున్న పలకలు, గొలుసులేమో ఆ పలక ముఖానికి లంబంగా నిలబడి ఉన్నాయి. రెండున్నర మైక్రాన్ల గొలుసు పది నానోమీటర్ల మందంలో నిలువుగా ఉండాలంటే వెనక్కీ ముందుకీ మడతలు పడక తప్పదు. అదే ఏడు మరి ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఇటువంటి స్ఫటికాలను పెంచారు, కానీ మడతల సంగతి మాత్రం కెల్లర్ పేరుతోనే నిలిచింది.

ఆ మడతలకు ఖరీదు ఉంది. పాలీఎథిలీన్ పలకలో గొలుసుల పక్కల వైపు తలానికి చదరపు మీటరుకు 12 మిల్లీజూళ్లు ఖర్చయితే, మడతలున్న తలానికి 90 మిల్లీజూళ్ల దాకా అవుతుంది. అందుకే ఇక్కడి అంకురం గోళంలా ఉండదు. ఖరీదైన ముఖాన్ని వీలైనంత చిన్నది చేసుకుని, సన్నగా పొడుగ్గా, అగ్గిపుల్లల కట్టలా ఉంటుంది. ఈ విలువలను సమీకరణంలో పెట్టి ఒక ఆదివారం నేనే లెక్క కట్టుకున్నాను. సమతుల ద్రవీభవన స్థానం (మడతలు లేని పెద్ద స్ఫటికం కరిగే ఉష్ణోగ్రత) 145 డిగ్రీలని తీసుకుంటే, 87 డిగ్రీల దగ్గర హద్దు అంకురం సుమారు తొమ్మిది నానోమీటర్ల పొడవు, నానోమీటరు పైచిలుకు మందం ఉంటుంది, అంటే పక్కపక్కన నిలబడిన ఎనిమిది గొలుసు ముక్కలు. అవరోధం అక్కడి ఉష్ణశక్తికి యాభై రెట్ల చుట్టుపక్కల వస్తుంది. అది పెద్దదే అయినా, గ్రాములో ఉన్న లెక్కలేనన్ని గొలుసు ముక్కలు సెకనుకు కోట్లసార్లు కదులుతూ ఉంటాయి కనుక ఎక్కడో ఒకచోట దాటవచ్చు. అదే 120 డిగ్రీల దగ్గర లెక్క వేస్తే అవరోధం రెండు వందల అరవై రెట్లకు చేరుతుంది. ఆ గోడను ఊరికే దాటే అంకురం కోసం విశ్వం వయసంతా ఎదురుచూసినా లాభం లేదు. ఇంతకీ మామూలు పాలీఎథిలీన్ రోజూ మన కళ్ల ముందే 120 డిగ్రీల దగ్గర గట్టిపడుతూనే ఉంది. కాబట్టి అది దాటుతున్నది ఆ గోడను కాదు. ఎవరో దానికి పక్కదారి చూపిస్తున్నారు.

ఆ ఎవరో లేకుండా చేస్తే ఏమవుతుందో 1962లో కార్మియా, ప్రైస్, టర్న్‌బుల్ అనే ముగ్గురు చేసి చూపించారు. టర్న్‌బుల్ అంతకుముందు పాదరసంతో చేసిన కిటుకునే పాలీఎథిలీన్‌కు వాడారు: పదార్థాన్ని మైక్రాన్ల సైజు బిందువులుగా విడగొట్టి, ఒకదానికొకటి తగలకుండా ఒక ద్రవంలో తేలవిడిచి చల్లార్చారు. పదార్థంలో ఉన్న మలిన కణాల కంటే బిందువుల సంఖ్య బాగా ఎక్కువైతే, అధిక భాగం బిందువులలో ఒక్క కణం కూడా ఉండదు. వాటికి పక్కదారి లేదు, సొంతంగా మొలకెత్తవలసిందే. ఆ బిందువులు 85-87 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండి, అప్పుడు గట్టిపడ్డాయి. పుస్తకంలోని మొదటి బొమ్మ నిజంగా కనిపించాలంటే ఇంత శ్రమ పడాలన్నమాట. నా ఆదివారపు లెక్కకు 87 డిగ్రీలను ఎంచుకున్నది కూడా అందుకే.

ఇక కళ్లతో చూసిన సంగతి. మూతల గొడవ తరువాత ప్రయోగశాలలోని మిత్రుడొకరు నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టారు. రంగు కలపని పాలీప్రొపిలీన్ దాణా ఒకటి గాజు పలక మీద పెట్టి, పైన మరో పలుచని గాజు మూసి, వేడి పీఠం మీద 200 డిగ్రీలు దాటించి అయిదు నిమిషాలు ఉంచి, ఆపైన 135 డిగ్రీలకు దించి అక్కడే ఆపారు. కాంతికి దారిచ్చే రెండు పోలరాయిడ్లు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి కనుక కరిగిన ద్రవం ఉన్నంతసేపూ కంటికి చీకటి తప్ప ఏమీ కనబడదు. కొన్ని నిమిషాలు అలాగే గడిచాయి. తరువాత ఒక మూల సూది మొనంత వెలుగు చుక్క, దానికి దూరంగా ఇంకొకటి, మరి కాసేపటికి మధ్యలో మూడవది. ప్రతి చుక్కా నిమిషానికి కొన్ని మైక్రాన్ల చొప్పున అన్ని వైపులకూ సమంగా పెరుగుతూ, లోపల నల్లని శిలువ గుర్తుతో గుండ్రటి బిళ్లగా మారింది. వీటినే స్ఫెరులైట్లు అంటారు. కేంద్రం నుంచి అన్ని దిక్కులకూ కొమ్మలు చీల్చుకుంటూ పోయిన పలకల గుత్తి అది.

రెండు బిళ్లలు పెరిగి పెరిగి ఒకదానినొకటి తాకినచోట సరిహద్దు గీత పడుతుంది. రెండూ ఒకే క్షణాన పుట్టి ఉంటే ఆ గీత తిన్నగా ఉంటుంది. ఒకటి ముందు, ఒకటి వెనుక పుట్టి ఉంటే ఆ గీత చిన్నదాని వైపు వంగి అతిపరావలయం అవుతుంది. అంటే అంతా గట్టిపడిన తరువాత కూడా, ఊరి పొలాల గట్లు చూసి పంపకాలు ఎప్పుడు జరిగాయో చెప్పినట్లు, గీతల వంపు చూసి ఏ బిళ్ల ముందు పుట్టిందో చెప్పవచ్చు. మా పలకలో ఎక్కువ గీతలు తిన్నగానే ఉన్నాయి. స్ఫటికీకరణ వేగాన్ని కాలంతో ముడిపెట్టే అవ్రామీ సమీకరణంలోని ఘాతాంకం కూడా ఈ తేడా మీదే ఆధారపడుతుంది. కానీ నన్ను అడిగితే ఆ సమీకరణం నుంచి వెనక్కి అంకురాల కథ చదవబోవడం కంటే ఒక్క గంట సూక్ష్మదర్శినిలో చూడటం మేలు.

మిత్రుడు అప్పుడు చేసిన పని నన్ను నిజంగా కుదిపింది. అదే పలకను కదిలించకుండా మళ్లీ 200 దాటించి, మొత్తం చీకటి అయ్యే దాకా కరిగించి, మళ్లీ 135కు దించారు. చుక్కలు వచ్చాయి, కానీ కొత్త చోట్ల కాదు. మొదట మూల వచ్చిన చుక్క ఆ మూలనే, మధ్యలోది మధ్యలోనే. కాగితం మీద గుర్తు పెట్టుకున్న పదకొండు చుక్కలలో తొమ్మిది అదే స్థానంలో తిరిగి మొలిచాయి. అణువుల యాదృచ్ఛిక కదలికతోనే అంకురాలు పుడుతూ ఉంటే ప్రతిసారీ కొత్త చోటు రావాలి. అవే చోట్ల వస్తున్నాయంటే అక్కడ ఏదో ఉంది: పాలిమర్ తయారీలో మిగిలిన ఉత్ప్రేరకపు రేణువు కావచ్చు, దుమ్ము కావచ్చు, గాజు మీది సన్నని గీత కావచ్చు.

ఆ ఏదో ఎన్ని ఉన్నాయో ఉజ్జాయింపుగా లెక్క కట్టడం కష్టం కాదు. బిళ్లల వ్యాసం నూరు మైక్రాన్లు ఉంటే ఘన సెంటీమీటరులో పది లక్షల అంకురాలు పట్టుకున్నట్లు. ఒక మైక్రాన్ స్థాయికి దిగితే లక్ష కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే న్యూక్లియేటింగ్ ఏజెంట్ల, అంటే స్ఫటికాలకు విత్తనాలుగా కలిపే పదార్థాల, వ్యాపారం. పటికబెల్లం చేసేవారు పాకంలో నూలు దారాలు వేలాడదీస్తారు కదా, పలుకులు దారాన్ని పట్టుకుని పెరుగుతాయి కదా, వీళ్లు చేసేది కూడా అదే, కాకపోతే దారాల బదులు కోట్లాది రేణువులు. పాలీప్రొపిలీన్‌లో సోడియం బెంజోయేట్, టాల్క్ పొడి ఇందుకు పాత మందులు. అన్ని పొడులూ పనికిరావు. రేణువు ముఖం మీది పరమాణు వరుసల మధ్య దూరం, దాని మీద పరుచుకునే పాలీప్రొపిలీన్ గొలుసుల వరుసల దూరంతో కుదరాలి. ఆ దూరం సుమారు అర నానోమీటరు. 1980లలో స్ట్రాస్‌బర్గ్‌లో విట్‌మన్, లోట్జ్ అనే శాస్త్రవేత్తలు ఈ పొత్తును ఎలక్ట్రాన్ వివర్తనంతో ఒక్కో జంటకూ విడివిడిగా చూపించారు. పొత్తు కుదిరిన ముఖం మీద అంకురం కొత్తగా తలం కొనుక్కోనవసరం లేదు, ఉన్న తలం మీదే కూర్చుంటుంది. ముందు చెప్పిన పక్కదారి ఇదే.

సార్బిటాల్ నుంచి తయారయ్యే క్లారిఫైయర్లు (ప్లాస్టిక్‌ను తేటపరిచే మందులు) ఇంకా చమత్కారమైనవి. ఇవి పొడిగా ఉండిపోవు. కరిగిన పాలీప్రొపిలీన్‌లో పూర్తిగా కలిసిపోయి, చల్లారేటప్పుడు పాలిమర్ కంటే ముందు తామే విడివడి, పది నానోమీటర్ల మందమున్న పోగులతో సాలెగూడు అల్లుతాయి. ఆ గూడంతా అంకురణ స్థలమే. 0.2 శాతం కలిపితే చాలు, బిళ్లలు కాంతి తరంగాల కంటే చిన్నవై, పాలలాంటి మసక పోయి డబ్బా లోపలి ఊరగాయ బయటికి కనబడుతుంది.

నీలం రంగు కథ ఇక్కడ కలుస్తుంది. ప్లాస్టిక్‌లకు వాడే నీలం, ఆకుపచ్చ రంగులలో చాలా భాగం థాలోసయనిన్ జాతివి. తెల్ల రంగుకు వాడే టైటానియం డయాక్సైడ్ అంకురణ విషయంలో మందకొడి. థాలోసయనిన్ నీలం మాత్రం పాలీప్రొపిలీన్‌కూ పాలీఎథిలీన్‌కూ చురుకైన విత్తనం. అచ్చులోకి దూసుకొచ్చిన ద్రవంలో గొలుసులు ప్రవాహం వెంట సాగి ఉంటాయి. తెల్లదానిలో అవి తిరిగి ఉండచుట్టుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. నీలంలో ఆ వ్యవధి రాకముందే స్ఫటికాలు కట్టి ఆ సాగుదలను అలాగే బిగించేస్తాయి. ఫలితంగా ప్రవాహం వెంట ఒక రకంగా, అడ్డంగా మరో రకంగా మూత కుంచించుకుపోతుంది. ముప్పై సెంటీమీటర్ల మూతలో 0.3 శాతం తేడా వచ్చినా అది మిల్లీమీటరుకు దగ్గర. మూత కూర్చోకపోవడానికి అది చాలు. రంగుల వాళ్లకు ఈ సంగతి ఏళ్ల తరబడి తెలుసు, అచ్చుల వాళ్లకు ఎవరూ చెప్పరు, అదే నాకు కోపం.

పరాయి రేణువులే కాక పాలిమర్ సొంత గతం కూడా విత్తనమవుతుంది. ఇది గొలుసుల ప్రత్యేకత. పాలీప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర కరిగినట్లు కనబడుతుంది, కానీ 170 దగ్గర ఆపి చల్లారిస్తే వేల అంకురాలు ఒక్కసారిగా లేస్తాయి. పూర్తిగా కరగని పలకల తునకలు కొన్ని, కరిగినా ఇంకా విడిపోయి కలగలవని గొలుసుల జట్లు కొన్ని, పాత వరుసను కొంతసేపు గుర్తుంచుకుంటాయి. అందుకే మా మిత్రుడు 200 దాటించి అయిదు నిమిషాలు ఆగింది. అలాగే ప్రవాహమూ అంకురాలను పుట్టిస్తుంది. కలియబెట్టిన పాలీఎథిలీన్ ద్రావణంలో సాగిన గొలుసుల పోగు ఒకటి ముందు ఏర్పడి, దాని మీద పలకలు చువ్వకు గుచ్చిన కబాబు ముక్కల్లా వరుసగా పెరగడం 1965 నాటికే పెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త చూశాడు. అచ్చు గోడను ఆనుకున్న పొరలో మనకు దొరికేది దీని బంధువే.

తొలి అంకురం ఒక్క అడుగులో స్ఫటికంగా పుడుతుందా, లేక ముందు ఒక సగం సర్దుకున్న మధ్యస్థ రూపం వచ్చి ఆ తరువాత స్ఫటికంగా మారుతుందా అన్న వాదం 1990ల నుంచి నడుస్తోంది. స్ఫటికపు గుర్తులు కనబడకముందే ద్రవంలో సాంద్రత హెచ్చుతగ్గులు కనబడుతున్నాయని ఎక్స్-కిరణాల ప్రయోగాలు కొన్ని చూపాయి, ఫ్రైబుర్గ్‌లో గెర్ట్ స్ట్రోబుల్ మధ్యస్థ దశ మీద ఒక పూర్తి సిద్ధాంతమే కట్టాడు. ఎదుటి పక్షం వాళ్లు స్ఫటికాలు ముందే ఉన్నాయి, మీ పరికరానికి అంత తక్కువ మోతాదు కనబడటం లేదు అంటారు. నెమ్మదిగా చల్లార్చిన పాలీప్రొపిలీన్ విషయంలో నాకు రెండో వాదమే సబబుగా తోస్తుంది. సెకనుకు వందల డిగ్రీల వేగంతో చల్లార్చినప్పుడు మాత్రం నిజంగానే సగం సర్దుకున్న రూపం మిగులుతుంది, అది ఎవరూ కాదనలేరు.

మూతల సంగతి చివరికి ఇలా తేలింది. నీలాన్ని తెల్లదానిలా మందకొడిగా చేయడం మా చేతిలో లేదు కనుక, తెల్లదానినే నీలంలా చురుకుగా చేశాము. అన్ని రంగుల దాణాలోనూ, రంగు కంటే బలమైన న్యూక్లియేటర్ ఒకటి కొద్దిగా కలిపాము. దాని ముందు రంగు పొడి విత్తనంగా చెల్లదు, కాబట్టి తెలుపైనా నీలమైనా ఒకే చోట మొలకెత్తి ఒకేలా కుంచించుకుపోతుంది. మూతలన్నీ వంకర లేకుండా వచ్చాయి, త్వరగా గట్టిపడుతున్నాయి కనుక అచ్చు తెరిచే వేళ కూడా కాస్త ముందుకు జరిగింది. అయితే పాత తెల్ల మూత కంటే అన్నీ ఒక పిసరు చిన్నవైనందువల్ల అచ్చు అంచును మళ్లీ సానపట్టించవలసి వచ్చింది. ఆ ఖర్చు విని యజమాని వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆపరేటర్ మాత్రం మొదటి నీలం మూతను డబ్బా మీద నొక్కి, టక్కుమన్న చప్పుడు విని, తీసి, మళ్లీ నొక్కాడు.

ఆ గాజు పలక ఇప్పటికీ నా దగ్గర ఉంది. వీలు దొరికినప్పుడు మిత్రుడి ప్రయోగశాలలో దానిని మళ్లీ కరిగించి చల్లారుస్తుంటాను. ఎడమ మూల చుక్క ఇప్పటికి పదిహేను సార్లకు పైగా అదే చోట మొలిచింది. కరిగి ఉన్నప్పుడు ఆ చోటిని ఎంత పెద్దది చేసి చూసినా అక్కడ ఏమీ కనబడదు.